ఉల్టా డబ్బా మీద మూడో నోటీసు

ఛానల్ మూతపడింది. కరెంటు పోయింది. మా చిన్నమ్మ పొద్దుటినుంచి తిడుతూనే ఉంది. నా ఓపిక పూర్తిగా అడుగంటిన సమయంలో గుమ్మం ముందు ఒక అమ్మాయి వచ్చి నిలబడి, చేతిలోని కాగితాల కట్ట చూసుకుంటూ అడిగింది.

"పరుశురాం గారంటే మీరేనా అండీ?"

"అవును. మీరెవరు?"

"ఈ అడ్రస్ నిజమో కాదో చూసి రమ్మన్నారు. నిజమే. వస్తానండీ."

అని వెనక్కి తిరిగింది. నాకు ఒళ్లు మండింది.

"అరే, ఆగుండి! ఎవరు పంపిన్రు మిమ్మల్ని? నా అడ్రస్‌తోని ఏం పని?"

"సీరియల్ కంపెనీ వాళ్లు. 'పట్టుచీర పార్వతి'. నా పేరు వైదేహి. మీకు కాపీరైట్ నోటీసులు పంపేది నేనే."

ఇంత మాట ఇంత తాపీగా చెప్పిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

అది తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె కాలం. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లల్లో, ఉద్యోగులు రోడ్ల మీద. యూనివర్సిటీలో మా లా కాలేజీకి తాళం పడింది. హాస్టల్ మెస్సులో పొయ్యి ఆరిపోయింది. అందుకే మాణికేశ్వర్ నగర్‌లో మా చిన్నమ్మ లచ్చమ్మ ఇంట్లో చేరి అన్నమూ, తిట్లూ రెండూ తింటున్నాను.

నాకు 'ఉల్టా డబ్బా' అని ఒక వీడియో ఛానల్ ఉండేది. 'పట్టుచీర పార్వతి' సీరియల్లో పార్వతి, ఆమె మొగుడు, అత్త, ఇంటికొచ్చే డాక్టరు అంతా కోస్తా తెలుగే మాట్లాడతారు. తెలంగాణ మాట ఒక్క యాదగిరికే దక్కింది. యాదగిరి అంటే రౌడీ. నేను దాన్ని తిరగేశాను. సీన్లు వాళ్లవే, గొంతులు మాత్రం మార్చాను. నా వీడియోల్లో పార్వతి మా మాట మాట్లాడుతుంది. యాదగిరేమో "ఆయ్, తమరి పీక నొక్కేత్తానండి ఆయ్" అంటాడు. క్యాంపస్ మొత్తం పడీ పడీ నవ్వింది.

కంపెనీ నవ్వలేదు. ఒక నోటీసు వచ్చింది, ఒక వీడియో మాయమైంది. రెండో నోటీసుకు రెండో వీడియో. మూడోది వస్తే సైటు వాళ్లు ఛానల్‌నే మూసేస్తారు. నేను భయపడి సీరియల్ జోలికి పోవడం మానేసి, బుద్ధిగా ర్యాలీలూ ధూంధాం ఆటపాటల సభలూ ఆర్ట్స్ కాలేజీ ముందు పాటలూ తీసి పెట్టుకుంటున్నాను. అయినా మూడోది వచ్చింది. దేనిమీద? తార్నాక చౌరస్తాలో వంటావార్పు వీడియో మీద! రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించి నిరసన తెలిపిన ఆడవాళ్ల వీడియో అది. అందులో మా చిన్నమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. వెనకాల టీ హోటల్లో టీవీ మోగుతోంది. టీవీలో పార్వతి ఏడుస్తోంది. నా నేరమంతా అంతే.

ఇంకో ఛానల్ పెట్టుకోవచ్చు కదా అని తేలిగ్గా అనేవాళ్లంటే నాకు మహా చిరాకు. వీడియోలు నా దగ్గర ఉంటే కదా! కరెంటు వస్తూ పోతూ నా హార్డ్ డిస్క్‌ని కాల్చిపారేసింది. రెండేళ్లుగా నేను తీసిన ఉద్యమమంతా ఆ సైటులో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. మూడు నోటీసులకూ కలిపి సైటు వాళ్లకు అభ్యంతరం రాసి పంపాను. రెండు వారాల్లోగా కంపెనీ నా మీద కోర్టులో కేసు వేయకపోతే ఛానల్ తిరిగి తెరుస్తారు. వేస్తే మొత్తం గోవిందా.

కేసు వేయాలంటే నా అడ్రస్ కావాలి. దాన్ని సరిచూడటానికి వచ్చిన మనిషే ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది.

"వంటావార్పు వీడియోల మీ సీరియల్ యాడున్నది మేడం?"

"వెనకాల మా టైటిల్ సాంగ్ వినిపిస్తోంది కదండీ."

"వెనకాల కుక్క గూడ మొరిగింది. అది గూడ మీదేనా?"

ఆమె పెదవులు కదిలాయి గానీ నవ్వలేదు. చేతిలో కాగితాలు ముందుకు చాపింది. చూస్తే నా అభ్యంతరమే. ప్రింటు తీసుకుని మరీ తెచ్చింది.

"సైటు వాళ్లు అడిగింది నాలుగు లైన్లు. మీరు పద్నాలుగు పేజీలు రాశారు. సగం పేజీల్లో అమెరికా వాళ్ల ఫెయిర్ యూజ్ అన్నారు, సగం పేజీల్లో మన చట్టంలోని ఫెయిర్ డీలింగ్ అన్నారు. రెండూ ఒకటి కాదటగా?"

"మీకెవరు చెప్పిన్రు?"

"మీరే. ఆరో పేజీలో రాశారు. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి మర్చిపోయారు."

లా చదివేది నేను.

"పదకొండో పేజీలో ఇంకోటి రాశారు. ఈ నోటీసు పంపిన శాల్తీకి కళ్లున్నాయా అని. ఉన్నాయండీ. చూసుకోండి."

చూశాను. ఉన్నాయి. అంత కోపంలోనూ మళ్లీ ఒకసారి చూడాలనిపించే కళ్లే. నా మీద నాకే అసహ్యం వేసి తల తిప్పుకున్నాను.

"విమర్శించాలంటే వాళ్ల సీను కొంచెమన్న చూపించాలె గద మేడం? చూపించకుండ దేన్ని విమర్శిస్తం? చట్టమే ఒప్పుకుంటది దానికి."

"ఆ సంగతి జడ్జిగారికి చెప్పండి. నాకెందుకు?"

లోపలినుంచి మా చిన్నమ్మ పిండి చేతులతో వచ్చింది. "ఎవరురా?"

"పార్వతి సీరియలోళ్లు."

"అయ్యో నా బిడ్డా! బయట నిలవెట్టినవేందిరా?" అని నన్ను ఒక్క తోపు తోసి, వైదేహి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "కూసో బిడ్డా. చాయ్ తాగుదువు. పార్వతి మొగడు వాపస్ వస్తడా రాడా? గది చెప్పు ముందుగాల."

"నాకు తెలీదండీ. నేను ఆఫీసు పని చేస్తాను."

"దినాం చూస్తనే ఉన్న. మొన్న వంటావార్పుల గూడ ఇడిసిపెట్టలే. హోటలాయన్ని బతిమాలి నేనే టీవీ పెట్టిచ్చిన."

నేను గోడకు చారగిలబడ్డాను. "టీవీ నువ్వు పెట్టిచ్చినవా?"

"పెట్టిచ్చిన. నిరసన నిరసనే, పార్వతి పార్వతే."

ఎవరిని తిట్టాలో తెలియని పరిస్థితి ఎంత ఘోరంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. వైదేహి చాయ్ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు.

"ఒక్కటే పరేషాన్ బిడ్డా," అంది చిన్నమ్మ. "గా యాదగిరి మాట్లాడేది నాకు సగం సమజ్ కాదు. వాడు యే దిక్కోడు? మీ దిక్కోడేనా?"

గ్లాసు కిందికి దిగింది. "మీ వైపు అతనేనండీ. తెలంగాణ."

"మా దిక్కా?" చిన్నమ్మ నిజంగా ఆశ్చర్యపోయింది. "గట్ల మా దిక్కు ఎవ్వలు మాట్లాడుతరు బిడ్డా?"

వైదేహి చాయ్ మొత్తం తాగి, లేచి, "వస్తానమ్మా" అంది.

"ఆటోలు గూడ లెవ్వు. ఒక్కదాన్నే పంపుతవా? తార్నాక దాంక తోలుకపో," అని చిన్నమ్మ నాకు హుకుం జారీ చేసింది. నా మీద కేసు వేయబోయే మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చే పని కూడా నాకే పడింది.

మాణికేశ్వర్ నగర్ గల్లీలు దాటి క్యాంపస్‌లోకి వచ్చేసరికి వాన. సన్నగా మొదలై ప్రేమకథలకు పనికొచ్చే వాన కాదు, నెత్తిన బకెట్ బోర్లించినట్టు పడింది. ఇద్దరికీ కలిపి ఒక్క గొడుగు కూడా లేదు. కాగితాల కట్టని చున్నీ కింద దాచుకుని ఆమె పరుగెత్తింది. వెనకే నేనూ. బస్సులే రాని బస్టాపులో పోయి నిలబడ్డాం.

"ఒక్క మెయిల్ రాస్తే అయిపాయె గద మేడం. పొరపాటైంది, మూడో నోటీసు వాపస్ తీసుకుంటున్నం అని."

"మేనేజర్ని అడిగాను. ఒకటి వెనక్కి తీసుకుంటే మిగతా రెండూ తీసుకోమంటాడు, కుదరదన్నారు. పోనీ మీరు సీరియల్ మీద ఇక వీడియోలు చేయనని రాసివ్వండి. ఇది తీయించే పూచీ నాది."

"బేరమా?"

"సర్దుబాటు."

"తప్పు చెయ్యనోడు రాసిచ్చుడేంది?"

"అబ్బ! మీతో మీ ఇంట్లో వాళ్లు ఎలా వేగుతున్నారండీ?"

"నా సంగతి ఇడ్సిపెట్టుండి. ఆ డైలాగులు రాసేటాయనతోని వాళ్లింట్లోళ్లు ఎట్ల వేగుతున్నరో అడుగుండి. 'గిట్లైతే గట్లైతది భై, గట్లైతే గిట్లైతది భై!' ఏం మాట ఇది? ఆయన జిందగీల ఎన్నడన్న తార్నాకకు వచ్చిండా? గీడి మనుషుల మొఖం చూసిండా?"

"ముప్పై ఏళ్లుగా తార్నాకలోనే ఉంటున్నారు," అంది ఆమె, జడలోంచి నీళ్లు పిండుకుంటూ. "పార్థసారథి ఆయన పేరు. మా నాన్న. ఇంట్లో బాగానే వేగుతున్నాం."

వాన ఇంకాస్త గట్టిగా కురిసి నా మాటలు ఆమెకు వినబడకపోతే ఎంత బాగుండేది! అవసరమైనప్పుడు వాన కూడా పనికిరాదు.

"సారీ మేడం."

"ఎందుకు? అనేశారుగా." కాసేపు రోడ్డు వంక చూసింది. "ఈ ఉద్యోగంలో ఆయనే పెట్టించారు. మీ మొదటి వీడియో నేనే చూపించాను. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నన్ను వెక్కిరిస్తే వెక్కిరించాడు, మా మాటని వెక్కిరిస్తాడా అని."

"యాదగిరిని చూసినప్పుడల్ల నాకు గూడ గట్లనే అనిపిస్తది."

ఆమె చున్నీ కింద కాగితాలు సర్దుకుంది. ఈసారి వాదన నేను గెలిచినట్టే. నాకు సంతోషం కలగాలి గానీ కలగలేదు.

"మీ వీడియోలో పార్వతికి గొంతు ఎవరిచ్చారు?" అంది చివరికి.

"నేనే."

"అబద్ధం."

"అన్ని గొంతులు నాయే. బయట రైళ్ల సప్పుడు పడుతదని బొంత కప్పుకొని రికార్డు చేస్త." గొంతు సన్నగా చేశాను. "అత్తమ్మా, నా పట్టుచీర ముట్టిన్రంటే మంచిగుండదు, ముందే చెప్తున్న."

ఆమె నవ్వింది. బస్టాపు స్తంభం పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కాగితాలు నేలమీద పడి, నా పద్నాలుగు పేజీలూ తడిసిపోయాయి. నాకు ఇంకా చిరాకేసింది. ఛానల్ మూయించిన మనిషి ఇంత బాగా నవ్వకూడదు. అది అన్యాయం.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. పిన్‌కోడ్ సరిచూసుకోవాలట. మర్నాడు మళ్లీ చేసింది. మా నాన్న పేరు కావాలట. ఆ తర్వాత రోజు ఏ సాకూ లేకుండానే చేసి, మీ చిన్నమ్మగారికి చెప్పండి, పార్వతి మొగుడు తిరిగి వస్తాడట, నాన్నని అడిగాను అంది. చిన్నమ్మ ఆ వార్త గల్లీ మొత్తానికి పంచింది.

ఫోన్లో మేం మాట్లాడుకోలేదు, పోట్లాడుకున్నాం. వెక్కిరింపుకు హద్దు ఉండాలని ఆమె. హద్దు ఎవరు గీస్తరు, వెక్కిరింపు పడ్డోడా అని నేను. మీరు జన్మలో ఒక్కసారైనా సరే అనరా అని ఆమె. సరే అంటే ఫోన్ పెట్టేస్తరు గద అని నేను. అన్న తర్వాత నేనేమన్నానో నాకు అర్థమైంది. అవతల ఆమెకూ అర్థమైనట్టుంది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు.

గడువు రేపటితో ముగుస్తుందనగా ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి రమ్మంది. మెట్ల మీద అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. మొహం బాగాలేదు.

"కేసు వేస్తున్నారు," అంది. "వకీలు అన్నీ సిద్ధం చేశాడు. డైలాగులు తనవేనని నాన్న అఫిడవిట్ ఇవ్వాలి. అదొక్కటే మిగిలింది. రేపు పొద్దున్నే సంతకం చేస్తారు."

"అఫిడవిట్ ఎవరు టైప్ చేస్తున్నరు?"

ఆమె తన వేళ్ల వంక చూసుకుంది.

"నువ్వేనా?"

"నేనే."

"మంచిగున్నది! రాత్రి నాతోని మాట్లాడుతవు, పొద్దుగాల నా మీద కేసు టైప్ చేస్తవు."

"అది నా ఉద్యోగం పరుశురాం!"

"అది నా రెండేండ్ల కష్టం వైదేహీ! ఆ పాటలు మళ్ల యాడికెళ్లి తేవాలె? ఆ మనుషులందర్ని మళ్ల నిలవెట్టి పాడుమంటనా?"

మేం మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగామో ఇద్దరమూ గమనించలేదు. గమనించేంత తీరిక లేదు, అరుచుకోవడంలో ఉన్నాం.

"నాకు తెలుసు!" అంది. "నీ వీడియోలన్నీ చూశాను. నోటీసు పంపాల్సినవే కాదు, అన్నీ. నాకు తెలియదా అవి పోతే ఏమవుతుందో? సంతకం పెట్టేముందు నాన్న నీ మొహం చూడాలంటున్నారు. రేపు ఇంటికి రా."

"వచ్చి ఏం చెయ్యాలె? పెన్ను అందియ్యాలెనా?"

"నీ ఇష్టం. నీతో నావల్ల కాదు!"

లేచి వెళ్లిపోయింది. నేను మెట్ల మీదే కూర్చున్నాను. ఛానల్ పోతుందని గుండె బరువెక్కాలి. బరువెక్కింది కూడా. కానీ కేసు పడ్డాక ఈ అమ్మాయి నాకు ఇక ఫోన్ చేయదన్న ఆలోచన వచ్చేసరికి ఇంకా ఎక్కువ బరువెక్కింది. ఎంత దిక్కుమాలిన పరిస్థితి! ప్రేమలో పడ్డాను. లోకంలో ఇంతమంది ఉండగా నా మీద దావా వేసే వాళ్ల తరపు మనిషితో.

మర్నాడు పొద్దున తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. పార్థసారథి గారు హాల్లో పడక్కుర్చీలో, ఒళ్లో అట్ట పెట్టుకుని ఆ రోజు సీను రాసుకుంటున్నారు. నన్ను చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"నువ్వేనా?"

"నేనే సార్."

"కూర్చో. కాఫీ తాగు ముందు. తర్వాత తిడతాను."

వైదేహి వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి లోపలికి వెళ్లారు. వైదేహి తలుపు పక్కన, చేతిలో ఆ అఫిడవిట్‌తో నిలబడి ఉంది. నా వంక చూడలేదు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. గ్లాసు కింద పెట్టగానే మొదలుపెట్టారు.

"ఆ ఆయ్ ఏమిటయ్యా? మాటకు ముందొక ఆయ్, వెనకొక ఆయ్. మాది బాపట్ల. మా వంశంలో ఆయ్ అన్నవాడు లేడు. గోదావరి వాళ్లయినా ఊపిరి తీసినప్పుడల్లా అంటారా? పైగా పీక నొక్కేవాడు తమరు అంటాడా? అంత మర్యాద ఉన్నవాడు పీకెందుకు నొక్కుతాడు?"

"నిజమే సార్. గట్ల ఎవ్వరు మాట్లాడరు. మాది జనగామ దిక్కు. మేం గూడ మాట మాటకు భై అనం."

"అంటే తప్పని తెలిసే చేశావా?"

"తెలిసే చేసిన సార్. నవ్వియ్యాలని చేసిన. మరి మీరు?"

ఆయన మొహం ఎర్రబడింది. అనకూడని మాట అన్నానేమోనని నాకు భయం వేసింది గానీ, అనకుండా వెనక్కి పోయి ఉంటే నన్ను నేను క్షమించుకునేవాణ్ణి కాదు.

"నేను విని రాశాను!" అన్నారు గట్టిగా. "ముప్పై ఏళ్లుగా వింటున్నాను. రేషన్ షాపు దగ్గర, కూరగాయల బండి దగ్గర విన్నవే రాశాను. యాదగిరి నోట్లో నేను పుట్టించిన మాట ఒక్కటి లేదు. అమ్మాయ్, ఆ కాగితం ఇటు తే."

వైదేహి తెచ్చింది. ఇవ్వలేదు.

"ఒక్కసారి చదువుతాను నాన్నా, వినండి. 'యాదగిరి పాత్ర మాట్లాడే సంభాషణలు పూర్తిగా నా సొంత సృష్టి అనియు, వీటిని నేను ఎవరి వద్దనుంచి గాని, ఎక్కడినుంచి గాని గ్రహించలేదనియు ప్రమాణపూర్వకముగా...' "

"ఊఁ. పెన్నివ్వు."

"ఇప్పుడేగా విని రాశానన్నారు?"

"అన్నాను."

"అయితే ఈ కాగితం అబద్ధం. విని రాసినవి మీ సొంతం ఎలా అవుతాయి?"

"వకీలు చెప్పాడుగా, అలా రాస్తేనే హక్కు మనదవుతుందని."

"సరే, మీ సొంత సృష్టే అనుకుందాం. అంటే ఇక్కడెవరూ మాట్లాడని మాటలు మీరు పుట్టించారన్నమాట. ఇతను ఆ రెండు వీడియోల్లో మొత్తుకున్నదీ అదే." ఆమె గొంతు పెరిగింది. "రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి నాన్నా. టైప్ చేసి చేసి నా వేళ్లు పడిపోయాయి. రాత్రంతా ఇదే ఆలోచించి తల కూడా పగిలిపోయింది."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. లా చదివేది నేను. పద్నాలుగు పేజీలు రాసింది నేను. ఈ ముక్క నాకు తట్టనే లేదు.

పార్థసారథి గారు పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు.

"మొదట్లో నిజంగానే వినేవాణ్ణి బాబూ. ఒకసారి భై అని రాస్తే సెట్లో అందరూ నవ్వారు. ఇంకోటి పెట్టాను. తర్వాత రోజుకో ఎపిసోడ్ అయింది. వినడానికి టైమెక్కడిది? రాసుకుంటూ పోయాను." పెన్నుకు మూత పెట్టేశారు. "మీకు ఇంత బాధగా ఉంటుందని అనుకోలేదు. ఆ ఆయ్ వినేదాకా."

"నాకు గూడ జర ఎక్కువైంది సార్, ఆ ఆయ్."

ఆయన ఫోన్ తీసి మేనేజర్‌కి చేశారు. "సంతకం పెట్టట్లేదయ్యా. ఊహుఁ, ఎవరూ బెదిరించలేదు. ఆ మాటలు నావని ప్రమాణం చేయలేను, అంతే." అవతలి అరుపులు నాకూ వినబడ్డాయి. కానీ రోజుకో ఎపిసోడ్ రాసిచ్చే మనిషి దొరకడం అంత తేలిక కాదు. మేనేజర్ అరిచి, అలిసిపోయి, రేపటి సీను ఎప్పుడిస్తారని అడిగి ఫోన్ పెట్టేశాడు.

కేసు లేదు. గడువు ఆ రోజుతో సరి. నా ఛానల్ బతికింది. ఆ పాటలూ ఆ మనుషులూ ఎక్కడికీ పోరు.

ఆయన కూతురి వైపు తిరిగారు. "ఇంతకీ నువ్వు ఎవరి తరపమ్మా?"

"కంపెనీ తరపే నాన్నా. నిన్నటిదాకా."

"ఇవాళ?"

ఆమె నన్ను చూసింది. అంత చిరాకుగా నన్నెవరూ చూసి ఉండరు.

"ఇతనితో వేగడం చాలా కష్టం నాన్నా. నాలుగు లైన్లు అడిగితే పద్నాలుగు పేజీలు రాస్తాడు. సరే అన్న మాట నోట్లోంచి రాదు. కుక్క మొరిగినా వాదిస్తాడు. అయినా నాకు ఇతనే కావాలి. పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాకు సంతోషంతో పిచ్చెక్కాలి. ఎక్కింది. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది.

"గిదేంది వైదేహీ? నాకు చెప్పకుండ మీ నాన్నకు చెప్పుడేంది? ముందుగాల నాకు గద చెప్పాలె!"

"నీకు చెప్తే నువ్వు వాదిస్తావు!"

"ఎందుకు వాదిస్త? నాకు గూడ నువ్వంటే ఇష్టమే. బస్టాపుల నవ్వినప్పటి సంది. రేపు నేనే చెప్దామనుకున్న, నువ్వు అంత ఖరాబ్ చేసినవ్!"

"చూశారా నాన్నా? ఇదీ వరస!"

పార్థసారథి గారు చెయ్యెత్తారు. ఇద్దరం ఆగిపోయాం. ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ కూర్చున్నారు. లోపలి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ భార్య వంక ఒకసారి చూశారు. ఆమె తల అడ్డంగా ఊపలేదు. తర్వాత నన్ను చూశారు.

"ఆరు వందల ఎపిసోడ్లు రాశాను. ఇలాంటి సీను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తండ్రి గుండె పట్టుకుంటాడు, లేకపోతే గుమ్మం చూపిస్తాడు. ఇప్పుడు నా ఇంట్లో జరుగుతుంటే ఒక్క డైలాగూ నోటికి రావట్లేదు." కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "మీ వైపు ఇలాంటప్పుడు తండ్రి ఏమంటాడు బాబూ?"

ఇన్నేళ్లలో ఆయన ఆ ప్రశ్న ఇక్కడ ఎవరినైనా అడిగి ఉంటారని నేను అనుకోను. అంతవరకూ నాలో ఉన్న చిరాకంతా ఎటు పోయిందో పోయింది. కళ్లు చెమర్చాయి.

"పెద్దగ ఏమనడు సార్. ముందుగాల బువ్వ తినుమంటడు. మిగతాది తిన్నంక మాట్లాడుదమంటడు."

ఆయన పెదవుల మీదే ఒకసారి పలికి చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ముందుగాల బువ్వ తిను బిడ్డా. మిగతాది తిన్నంక మాట్లాడుదం."

పలికిన తీరు అచ్చం బాపట్లే. నేను దిద్దలేదు. వైదేహి కళ్లు తుడుచుకుంటూ కంచాలు పెట్టడానికి లోపలికి వెళ్లింది.